డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో ఇన్‌లెట్ వాల్వులపై నిక్షేపాలు: ఇంజన్ ఆయిల్ ఎంపిక

సారాంశం

డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు ఇంజన్లలో ఇంధనం ఇన్‌లెట్ వాల్వులను తాకదు. అందువలన క్రాంక్‌కేసు నుండి వచ్చే ఆయిల్ ఆవిరి వాల్వులపై చేరి గట్టి నిక్షేపాలుగా మారుతుంది. ఆయిల్ ఎంపికలో స్నిగ్ధత శ్రేణితో పాటు ఆవిరి నష్టం, సల్ఫేటెడ్ బూడిద, డిటర్జెంట్ స్వభావం అనే మూడు గుణాలను ఎందుకు పరిశీలించాలో ఈ వ్యాసం వివరిస్తుంది. ట్రాక్టర్ డీజిల్ ఇంజన్లకు ఇందులో ఎంతవరకు వర్తిస్తుందో కూడా సూచిస్తుంది.

ఉపోద్ఘాతం

1996లో మిత్సుబిషి సంస్థ గెలాంట్ కారులో జీడీఐ ఇంజనును ప్రవేశపెట్టిన తరువాత ఈ విధానం క్రమంగా విస్తరించింది. అంతకు ముందు వాడుకలో ఉన్న పోర్ట్ ఇంజెక్షన్ విధానంలో పెట్రోలు వాల్వు వెనుక భాగంపై చిమ్మబడేది. పెట్రోలులోని డిటర్జెంట్లు ఆ భాగాన్ని నిరంతరం కడిగేవి. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఇంధనం నేరుగా సిలిండర్‌లోకి చేరుతుంది కనుక ఈ కడుగుడు జరగదు. ఇంధన ట్యాంకులో కలిపే శుభ్రపరచు ద్రావణాలు ఇంజెక్టర్లకు మేలు చేయవచ్చు గాని, ఇన్‌లెట్ వాల్వులను చేరలేవు. రైతులు, వాహనదారులు ఈ విషయం తెలియక వాటిపై ధనాన్ని వృథా చేసుకోకుండా విస్తరణ సిబ్బంది హెచ్చరించాలి.

నిక్షేపాలు ఏర్పడే విధానం

పిస్టన్ రింగులను దాటి క్రాంక్‌కేసులోకి దిగే వాయువులు ఆయిల్ తుంపరలను, ఆవిరిని, కాలని ఇంధనాన్ని తమతో మోసుకొని పీసీవీ వాల్వు ద్వారా ఇన్‌టేక్ మానిఫోల్డుకు తిరిగి వస్తాయి. వాల్వు గైడు సీళ్లు అరిగినపుడు అక్కడ నుండి కూడా ఆయిల్ జారుతుంది. ఎగ్జాస్ట్ వాయువులను తిరిగి లోనికి పంపే ఈజీఆర్ అమరిక ఉంటే మసి కూడా తోడవుతుంది. వేడెక్కిన వాల్వుపై ఆయిల్‌లోని తేలిక భాగాలు ఆవిరైపోతాయి. మిగిలిన బరువైన భాగం ఆక్సీకరణం చెంది, సంకలనాల బూడిదతో కలిసి గట్టిపడుతుంది.

పొర మందమైన కొద్దీ గాలి ప్రవాహం దెబ్బతింటుంది. చల్లని ఇంజను స్టార్ట్ చేసినపుడు కుదుపు, మిస్‌ఫైర్, శక్తి తగ్గుదల, ఇంధన వ్యయం పెరుగుదల దీని లక్షణాలు.

పరిశీలించవలసిన గుణాలు

1. ఆవిరి నష్టం: దీనిని నోయాక్ పరీక్ష, అనగా ఏఎస్‌టీఎం డి5800, ద్వారా కొలుస్తారు. ఆయిల్‌ను 250 డిగ్రీల సెల్సియస్ వద్ద 60 నిమిషాలు ఉంచి, బరువులో తగ్గిన శాతాన్ని నిర్ణయిస్తారు. 15 శాతం నష్టమున్న ఆయిల్ 100 గ్రాములకు 15 గ్రాములు, 9 శాతం నష్టమున్నది 9 గ్రాములు కోల్పోతుంది. ఇది పోలికకు ఉపయోగపడే సంఖ్య మాత్రమే. ఇంజనులో జరిగే ఆయిల్ వ్యయానికి నేరు లెక్క కాదు. పీఏఓ, గ్రూప్-3 మూల నూనెలతో తయారైన ఆయిళ్లలో ఈ నష్టం సాధారణంగా తక్కువ. ఒకే రకపు మూల నూనెలో పలుచని శ్రేణులకు నష్టం ఎక్కువ.

2. సల్ఫేటెడ్ బూడిద: లోహ సంకలనాలు కాలగా మిగిలేది బూడిద. ఇది నిక్షేపంలో భాగమవుతుంది. అయితే ఆమ్లాలను తటస్థీకరించేది కూడా ఈ సంకలనాలే కనుక, ఇంజను తయారీదారు కోరిన స్థాయి కంటే తగ్గించరాదు.

3. డిటర్జెంట్ రకం: కాల్షియం డిటర్జెంట్లు అధికమైతే టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో తక్కువ వేగం వద్ద అకాల జ్వలనం పెరుగుతుంది. అందుచేత ఇటీవలి ఆయిళ్లలో కొంత భాగం మెగ్నీషియంతో భర్తీ చేస్తున్నారు. 2020 నుండి అమలులో ఉన్న ఏపీఐ ఎస్‌పీ వర్గీకరణ ఈ దోషాన్ని పరీక్షిస్తుంది.

పట్టిక: కొన్ని వర్గీకరణల గరిష్ఠ పరిమితులు

| వర్గీకరణ | ఆవిరి నష్టం, శాతం | సల్ఫేటెడ్ బూడిద, శాతం |
|---|---|---|
| ఏపీఐ ఎస్‌పీ | 15 | పరిమితి లేదు |
| ఏసీఈఏ సీ3 | 13 | 0.8 |
| ఏపీఐ సీకే-4 (డీజిల్) | 13 | 1.0 |

ఏపీఐ ఎస్‌పీలో ఇన్‌లెట్ వాల్వు నిక్షేపాలకు ప్రత్యేక పరీక్ష లేదని విద్యార్థులు గుర్తించాలి. డబ్బాపై ఆ ముద్ర ఉన్నంత మాత్రాన వాల్వులు శుభ్రంగా ఉంటాయని చెప్పలేము.

ట్రాక్టర్లకు అన్వయం

డీజిల్ ఇంజన్లలోనూ ఇంధనం ఇన్‌లెట్ వాల్వును తాకదు. 2023 జనవరిలో 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఈజీఆర్ ఉన్న నమూనాలలో మసి, ఆయిల్ ఆవిరి కలిసి ఇన్‌టేక్ మార్గంలో పేరుకొనే అవకాశం ఉంది. కనుక పాత ట్రాక్టరుకు వాడిన ఆయిల్‌నే కొత్తదానికి పోయుట సరికాదు. అదే విధంగా, చిక్కని ఆయిల్ ఇంజనుకు బలమనే నమ్మకంతో శ్రేణిని మార్చరాదు.

సిఫారసులు

* తయారీదారు పుస్తకంలోని స్నిగ్ధత శ్రేణి, వర్గీకరణలను ముందుగా పాటించాలి. వాటికి సరిపోయే ఆయిళ్లలో, సమాచార పత్రం చూసి, ఆవిరి నష్టం తక్కువ ఉన్నదానిని ఎంచుకోవాలి.
* డిప్‌స్టిక్‌పై గరిష్ఠ గీతను దాటి ఆయిల్ పోయరాదు. ఎక్కువైతే తుంపరలు ఇన్‌టేక్‌లోకి అధికంగా చేరుతాయి.
* పీసీవీ వాల్వును, గాలి ఫిల్టరును నిర్ణీత కాలంలో పరీక్షించాలి.
* తరచు తక్కువ దూరాలు తిరిగే వాహనాలలో ఇంధనం ఆయిల్‌లో కలుస్తుంది. వాటికి ఆయిల్ మార్పు వ్యవధిని తగ్గించాలి.
* గట్టిపడిన నిక్షేపాలను ఆయిల్ మార్పు తొలగించదు. వాల్వును మూసి ఉంచి అక్రోటు పెంకుల పొడిని గాలి పీడనంతో చిమ్మే పద్ధతిని శిక్షణ పొందిన మెకానిక్ చేతనే చేయించాలి.

ముగింపు

సరైన ఆయిల్ నిక్షేపాలు పేరుకొనే వేగాన్ని తగ్గిస్తుందే గాని పూర్తిగా నివారించదు. ధర, ప్రకటనల ఆధారంగా గాక సమాచార పత్రంలోని సంఖ్యల ఆధారంగా ఆయిల్ ఎంచుకొనుటను శిక్షణ కార్యక్రమాలలో నేర్పితే, యంత్రాల మరమ్మతు వ్యయం తగ్గే అవకాశం ఉంటుంది.