ల్యాప్‌టాప్‌కు బయటి గ్రాఫిక్స్ కార్డు: తెర వెలగకపోతే ఎక్కడ చూడాలి?

వార్షికోత్సవ సంచికకు కథో కవితో రాయమన్నారు. మాకు అవి రావు. మేము ముగ్గురం ఈ హాస్టల్ గదుల్లోనే చదువుకుని, ఇప్పుడు పీజీలో ఉన్నాం. మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా చూడటం మాతోనే మొదలు. ఇక్కడికి వచ్చినప్పుడల్లా తమ్ముళ్లు అడిగే ఒక ప్రశ్నకు తెలిసినంత జవాబు రాస్తున్నాం.

ముందు అసలిది ఎందుకో చెప్పాలి. మాలో ఒకరి ప్రాజెక్టు కొల్లేరు మీద. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన మన సరస్సులో నీరెంత, చేపల చెరువులెన్ని, గుర్రపుడెక్క ఎంత అని ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టడం. 2006లో చెరువుల గట్లు కొట్టేయకముందు చిత్రాలు, తరువాతి చిత్రాలు పక్కపక్కన పెట్టి చూడాలి. లాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఉచితం. వాటిలో ఒక్కో చుక్క 30 మీటర్ల నేల. సెంటినెల్-2 అయితే 10 మీటర్లే. చిత్రాలకు డబ్బు అక్కర్లేదు గానీ, లక్షలాది చుక్కలను గుర్తుపట్టే పని మామూలు ల్యాప్‌టాప్‌కు రాత్రంతా పడుతుంది. ఒకే రకం లెక్కను వేల చుక్కల మీద ఒక్కసారే చేయగలిగేది గ్రాఫిక్స్ కార్డు. ల్యాప్‌టాప్ లోపల దాన్ని పెట్టే చోటుండదు కాబట్టి, కరెంటు సరఫరా ఉన్న పెట్టెలో కార్డును బిగించి, ఒక కేబుల్‌తో కలుపుతారు.

ఆ కేబులే ఈ ఏర్పాటుకు ఉప్పుటేరు. కొల్లేరులోకి బుడమేరు వస్తుంది, తమ్మిలేరు వస్తుంది, ఎన్నో డ్రైన్లు వస్తాయి. సముద్రంలోకి పోయే దారి మాత్రం ఉప్పుటేరొక్కటే. డెస్క్‌టాప్‌లో కార్డుకు 16 దారులుంటే, 2015లో వచ్చిన థండర్‌బోల్ట్-3 కేబుల్ ద్వారా దానికి దొరికేవి 4. బొమ్మను తిరిగి ల్యాప్‌టాప్ తెర మీదే చూడాలంటే అది కూడా ఇదే దారిన వెనక్కి రావాలి. అందుకే మానిటర్‌ను ల్యాప్‌టాప్‌కు కాక కార్డు వెనకున్న పోర్టుకే తగిలిస్తే వేగం బాగుంటుంది. మా కొల్లేరు లెక్కల్లాంటి పనికి ఈ ఇరుకు పెద్ద ఇబ్బంది కాదు. చిత్రం ఒకసారి లోపలికి పోతుంది, కార్డు గంటల తరబడి నమిలి చివరికి జవాబు పంపుతుంది. ఆటలు ఆడేవాళ్లకే తేడా ఎక్కువ తెలుస్తుంది.

ఇక తెర వెలగలేదనుకుందాం. షాపుకు పోతే మొదట వినిపించే మాట "బోర్డు పోయింది". మన ఇళ్లల్లో ల్యాప్‌టాప్ అంటే అమ్మ డ్వాక్రా గ్రూపులో తెచ్చిన అప్పు. ఆ మాట నమ్మేముందు మనం ఒక గంట కూర్చోవాలి.

మానిటర్ పూర్తిగా నల్లగా ఉందా, "నో సిగ్నల్" అని రాసి చూపిస్తోందా? రాత కనిపిస్తే మానిటర్ బతికే ఉంది, బొమ్మే చేరడం లేదు. దాని మెనూలో ఇన్‌పుట్ ఏది ఎంచి ఉందో చూడండి. తీగ హెచ్‌డీఎంఐకి పెట్టి, మెనూలో వీజీఏ ఉంచితే ఎప్పటికీ రాదు. తరువాత కార్డును పక్కన పెట్టి, అదే తీగతో మానిటర్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు కలిపి, విండోస్ మీటతో పాటు పి నొక్కి "ఎక్స్‌టెండ్" ఎంచండి. బొమ్మ వస్తే మానిటరు, తీగ రెండూ నిర్దోషులు. అనుమానం పెట్టె వైపు జరుగుతుంది.

మన హాస్టళ్లలో ఎక్కువగా ఉండేవి ఆఫీసుల్లో తీసేసిన పాత వీజీఏ మానిటర్లు. కొత్త కార్డుల్లో వీజీఏ ఉండదు. మధ్యలో చిన్న కన్వర్టర్ కావాలి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చేది వేరు, వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది వేరు. చూడటానికి కవలల్లా ఉంటాయి, తిప్పి పెడితే పనిచేయవు. మా కొల్లేరు ప్రాజెక్టు ఇవ్వాల్సిన వారంలో బొమ్మ ఆగిపోయింది. ఒక షాపులో కార్డే కాలిపోయిందన్నారు. హాస్టల్‌కు తిరిగొచ్చి పక్కగది వాళ్ల హెచ్‌డీఎంఐ మానిటర్ తగిలిస్తే నిక్షేపంగా వచ్చింది. పోయింది ఆ బుల్లి కన్వర్టర్!

పెట్టె దగ్గర చూడాల్సింది మొదట కరెంటు. కార్డుకు మదర్‌బోర్డు మాదిరి గాడి నుంచి 75 వాట్ల వరకే అందుతుంది. పెద్ద కార్డుకు ఎస్‌ఎంపీఎస్ నుంచి 6 పిన్నుల తీగో (75 వాట్లు) 8 పిన్నుల తీగో (150 వాట్లు) విడిగా పెట్టాలి. అది వదులైతే కార్డు లేవదు. ఫ్యాన్ తిరగడం లేదని కంగారు పడకండి, చల్లగా ఉన్నంతసేపు ఫ్యాన్ తిప్పని కార్డులు చాలా ఉన్నాయి. కొల్లేటి తేమకు కార్డు అంచున ఉన్న బంగారు రంగు పట్టీలు మసకబారితే, ప్లగ్ తీసేసి, చేతితో ఏదైనా లోహాన్ని ముట్టుకుని, తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది పొడి దులిపేయండి.

తరువాత కేబుల్. ఫోన్ ఛార్జర్ తీగ, థండర్‌బోల్ట్ తీగ ఒకే మూతితో ఉంటాయి. ల్యాప్‌టాప్‌లోని యూఎస్‌బీ-సీ పోర్టులన్నీ థండర్‌బోల్ట్ కావు. పక్కన మెరుపు గుర్తుందేమో చూడండి, యంత్రం పుస్తకంలోనూ సరిచూడండి. మామూలు థండర్‌బోల్ట్-3 తీగ అర మీటరు దాటితే వేగం సగానికి పడిపోతుంది. మొదటిసారి కలిపినప్పుడు అనుమతి అడిగే కిటికీ వస్తుంది. దాన్ని మూసేస్తే కార్డు అసలు కనిపించదు.

అన్నీ సరిగా ఉన్నా రాకపోతే డివైస్ మేనేజర్ తెరవండి. "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే డ్రైవర్ ఎక్కలేదు, కార్డు కంపెనీ సైటు నుంచి దించుకోవాలి. కోడ్ 12 అంటే కార్డుకు కావలసిన చోటు కంప్యూటర్ కేటాయించలేకపోయింది. కార్డు కలిపి ఉంచే రీస్టార్ట్ చేసి చూడండి, బయాస్ కొత్తది ఉంటే వేయండి. ల్యాప్‌టాప్‌లో రెండో గ్రాఫిక్స్ చిప్ ఉంటే దాన్ని తాత్కాలికంగా ఆపితే కొన్నిసార్లు చోటు దొరుకుతుంది. మీ తెరను నడిపే చిప్‌ను మాత్రం ఆపకండి. కోడ్ 43 అంటే కార్డు తనలో ఏదో లోపముందని చెప్పింది. డ్రైవర్ తీసి మళ్లీ వేయాలి, అప్పటికీ పోకపోతే కార్డును వేరే కంప్యూటర్లో పరీక్షించాలి.

ఇంకో మాట. ఉత్తరాలకు, రికార్డులకు, సినిమాలకు ఈ హంగామా అనవసరం, రెండో మానిటర్ ఒక్కటి చాలు. నెట్ బాగా వచ్చే చోట గూగుల్ కోలాబ్‌లో గ్రాఫిక్స్ కార్డు కొంతసేపు ఉచితంగానే దొరుకుతుంది. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో కొనడానికి పోయేముందు దాన్ని వాడి చూడండి.

షాపుకు వెళ్లక తప్పకపోతే ఏ తీగ మార్చి చూశారో, ఏ మానిటర్‌తో వచ్చిందో, ఏ కోడ్ కనిపించిందో కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఇంటికొచ్చాక పెట్టెను విడదీసేటప్పుడు తీగ లాగేయకుండా, ముందు విండోస్‌లో "ఎజెక్ట్" నొక్కండి.