అన్నదాత సుఖీభవ: స్టేటస్‌లో "వివరాలు లేవు" అని వస్తే ఏం చేయాలి?

పత్తి, మిరప రైతులకు సూచన

అన్నదాత సుఖీభవ – పీఎం కిసాన్ కింద అర్హత ఉన్న రైతు కుటుంబానికి ఏడాదికి రూ.20,000 అందుతుంది. ఇందులో కేంద్రం వాటా రూ.6,000, రాష్ట్రం వాటా రూ.14,000. మొదటి విడత రూ.7,000 (రాష్ట్రం 5,000, కేంద్రం 2,000) 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి మండలంలో విడుదలైంది. డబ్బు పడకపోతే కంగారు పడకండి. ముందు స్టేటస్ చూసుకోండి.

స్టేటస్ ఎలా వస్తుంది?

మీ వివరాలు మీ ఫోన్‌లోనో, రైతు సేవా కేంద్రం కంప్యూటర్‌లోనో ఉండవు. దూరంగా ఉన్న సర్వర్‌లో పట్టికలుగా ఉంటాయి. మీరు ఆధార్ నంబరు కొట్టగానే "ఈ నంబరు ఉన్న వరుస చూపించు" అని సర్వర్‌ను అడిగినట్టు. సర్వర్‌కు ఊహించడం రాదు. ఒక్క అంకె తేడా ఉన్నా "వివరాలు లేవు" అంటుంది. అంటే మీకు అర్హత లేదని కాదు, ఆ నంబరుతో వరుస దొరకలేదని.

మీ పేరు ఎక్కడెక్కడ సరిపోవాలి?

1. భూమి పట్టిక (వెబ్‌ల్యాండ్): మీభూమిలో 1-బి తీసి చూడండి. పొలం ఇంకా నాన్నగారి పేరు మీదే ఉందా? వేరేవాళ్ల ఆధార్ ఎక్కిందా? అయితే తహసీల్దార్ కార్యాలయంలో అర్జీ పెట్టండి.

2. ఈ-కేవైసీ: పూర్తి కాలేదని వస్తే రైతు సేవా కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేయండి.

3. బ్యాంకు పట్టిక (ఎన్‌పీసీఐ): ఆధార్‌కు చివరగా ఏ ఖాతా జోడించారో డబ్బు దానికే పోతుంది. "జమ అయింది" అని ఉండి పాస్‌బుక్‌లో కనపడకపోతే, మీ పేరున ఉన్న మిగతా ఖాతాలు కూడా చూసుకోండి. ఆధార్‌కు ఏ ఖాతా జోడించి లేకపోతే బ్యాంకులోనే చేయించాలి.

కౌలు రైతులు: మీకు చూసేది సీసీఆర్‌సీ కార్డు, ఈ-పంట నమోదు. మిరప నాటాక, పత్తి వేశాక ఈ-పంటలో మీ పేరు ఎక్కిందో లేదో అడిగి తెలుసుకోండి.

గుర్తుంచుకోండి

• స్టేటస్‌లో వచ్చిన మాటను స్క్రీన్‌షాట్ తీసుకుని వెళ్లండి. ఏ పట్టికలో తప్పుందో దాన్నిబట్టే తెలుస్తుంది.
• ఒక చోట తప్పుంటే ఇంకో ఆఫీసులో సరికాదు. బ్యాంకు సమస్యకు తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగొద్దు.
• సరిచేయించాక మళ్లీ స్టేటస్ చూడండి.
• "మీ పేరు ఎక్కిస్తాం" అని ఫోన్ చేసేవాళ్లకు ఓటీపీ చెప్పకండి, డబ్బు ఇవ్వకండి.

సందేహం ఉంటే రైతు సేవా కేంద్రంలో అడగండి, లేదా 155251కు ఫోన్ చేయండి.