గడప దగ్గర పాప: ఒక పాత ఫొటోను పిల్లలతో కలిసి చదువుదాం



పుస్తకాన్ని చదివినట్టే ఫొటోను కూడా చదవవచ్చు. పిల్లల్లో పరిశీలన, మాట నేర్పు పెరగడానికి ఇది మంచి సాధన. అందుకోసం ఈ నెల ఒక అమెరికన్ ఫొటోను ఎంచుకున్నాం.

తీసినవారు గెర్ట్రూడ్ కేసెబియర్. ముగ్గురు పిల్లల తల్లి అయ్యాక, 1889లో, 37 ఏళ్ల వయసులో ఆమె చిత్రకళ నేర్చుకోవడానికి బ్రూక్లిన్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఆ తర్వాత న్యూయార్క్‌లో సొంత స్టూడియో పెట్టారు. 1899లో తీసిన ఈ ఫొటో పేరు ‘బ్లెసెడ్ ఆర్ట్ దౌ అమాంగ్ ఉమెన్’. స్త్రీలలో నీవు ధన్యురాలివి అని అర్థం. 1903లో వచ్చిన ‘కెమెరా వర్క్’ పత్రిక మొదటి సంచికలో ఇది అచ్చయింది.

ఏం కనిపిస్తోంది?

గుమ్మంలో ఇద్దరున్నారు. ఒకరు పిల్లల పద్యాలు రాసిన ఆగ్నెస్ లీ, మరొకరు ఆమె కూతురు పెగ్గీ. తెల్లటి వదులు గౌనులో తల్లి కూతురి వైపు వంగి ఉంది. ముదురు రంగు గౌనులో పాప నిటారుగా నిలబడి సూటిగా మనవైపే చూస్తోంది. వెనక గోడ మీద, దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పే చిత్రం ఉంది. ఫొటో పేరు ఆ సందర్భంలోని మాటే.

ఎందుకంత మెత్తగా ఉంది?

ఫొటో అంటే యంత్రం చేసే పని, కళ కాదు అని అప్పట్లో చాలామంది అనేవారు. దానికి జవాబుగా ‘పిక్టోరియలిస్టులు’ వెలుగునీడలను చిత్రకారుల్లా కూర్చారు. అంచులను కావాలనే మెత్తబరిచారు. ప్లాటినం పూత కాగితం మీద శ్రద్ధగా ప్రింట్లు వేశారు.

ఆ తర్వాత?

కొన్నేళ్లకే పెగ్గీ కన్నుమూసింది. 1904 ప్రాంతంలో కేసెబియర్ అదే తల్లిని ఒంటరిగా ఫొటో తీశారు. దాని పేరు ‘ద హెరిటేజ్ ఆఫ్ మదర్‌హుడ్’. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటి ఫొటోలో పాప పక్కన తల్లి నిలబడిన ఆ కాస్త సమయం ఎంత విలువైనదో తెలుస్తుంది. రెండో ఫొటో కథను పెద్ద తరగతుల పిల్లలకే చెప్పండి.

ఇంట్లో చేసి చూడండి

మొదటి ఫొటోను పిల్లలకు చూపించి ఒక్క నిమిషం మౌనంగా చూడమనండి. ఆ తర్వాత ఇలా అడగండి: అమ్మ పాపను ముందుకు పంపుతోందా, ఇంకాసేపు ఉండమంటోందా? పాప ఎక్కడికి వెళ్లబోతోంది? అలా ఎందుకు అనిపించింది? జవాబు మీరు చెప్పకండి, దిద్దకండి. బడిలో చేర్చిన మొదటి రోజు గేటు దగ్గర మీ చెయ్యి వదలడానికి తను ఎంతసేపు పట్టిందో, మీకు ఎంతసేపు పట్టిందో అప్పుడు చెప్పండి.

చివరగా, అమ్మమ్మ తాతయ్యల పాత స్టూడియో ఫొటో ఒకటి బయటికి తీసి, ఇవే ప్రశ్నలు ఈసారి పిల్లలనే అడగనివ్వండి.