కర్మాగారంలో కొలువు, ఇంటి దగ్గర ఎం.యస్సీ.

మూడో సంవత్సరం బి.యస్సీ. తరగతుల్లో ఈ ఏడు ఎక్కడ నలుగురు చేరినా ఒకటే మాట: "తరువాత ఏం జేద్దామనుకుంటా ఉండావు?" ఎం.యస్సీ.లో చేరితే ఇంకో రెండేళ్లు ఇంటి నుంచి డబ్బు రావాలి. ఉద్యోగంలో చేరితే చదువు అక్కడికే ఆగిపోతుందని భయం. పుత్తూరు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన నాబోటి వాళ్లకు ఇది ఊసుపోని చర్చ కాదు. వెనకాల తమ్ముడో చెల్లెలో ఇంటర్ చదువుతూ ఉంటారు. మా నాయన ఒకరోజు అన్నాడు: "సదువొద్దని ఎవురన్నారు? రెండూ ఒకేసారి కుదరదా అని అడగతా ఉండా." ఆ ప్రశ్నకు నేను తెలుసుకొన్నంతలో జవాబు ఇది.

మన దేశంలో పోస్టు ద్వారా డిగ్రీ పాఠాలు 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మొదలైనాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో ఆ దారి పట్టింది. అయితే పూర్తిగా ఈ పనికే ఒక విశ్వవిద్యాలయాన్ని పెట్టిన ఘనత తెలుగువాళ్లదే. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో అదే మొదటిది. మొదటి ఉపాధ్యక్షులు ప్రొఫెసర్ జి. రాంరెడ్డి గారు, 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే మనం ఇగ్నో అనేది, ఏర్పడినప్పుడు దానికి కూడా ఆయనే మొదటి ఉపాధ్యక్షులు. హైదరాబాదులోని మన సంస్థకు 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

సైన్సు మాత్రం ఈ పద్ధతికి అంత సులభంగా లొంగలేదు. పాఠాన్ని పోస్టులో పంపవచ్చును గాని పిపెట్టును పంపలేము గదా! గణితానికి ఆ చిక్కు లేదు. రసాయన, భౌతిక శాస్త్రాలకు మాత్రం ఒక నిజమైన ప్రయోగశాలలో విద్యార్థి కొన్నాళ్లు వరుసగా నిలబడి పని చేయవలసిందే. ఇప్పుడు ఇగ్నోలో ఈ రెండు శాస్త్రాలకూ ఎం.యస్సీ. ఉంది. సిద్ధాంత పాఠాలు ఇంటి దగ్గర, ప్రయోగాలు వాళ్లు చెప్పిన కేంద్రంలో.

ఇక కాలం లెక్క చూద్దాం. రెండేళ్ల ఎం.యస్సీ.కి 80 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు 30 గంటల చదువు. మొత్తం 2400 గంటలు. రెండేళ్లలో ముగించాలంటే వారానికి 23 గంటలు పడుతుంది. వారంలో ఉండేది 168 గంటలు. ఫ్యాక్టరీలో పని 48, నిద్ర రోజుకు ఏడు చొప్పున 49, రాకపోకలకు 12, తిండి, స్నానం, ఇంటి పనులకు 28 తీసేస్తే 31 మిగులుతాయి. అందులో 23 పుస్తకానికి ఇస్తే మిగిలేది ఎనిమిది. పెళ్లిళ్లు, జ్వరాలు, చేలో నీళ్లు కట్టడం, అన్నీ ఆ ఎనిమిదిలోనే. నాలుగేళ్ల దాకా గడువు ఉంది కాబట్టి అంత కాలమూ వాడుకొంటే వారానికి పదకొండున్నర గంటలు చాలు. పని చేస్తూ చదివేవాడు నాలుగేళ్లు తీసుకొంటే అది వెనకబాటు అని నేను అనుకోను.

కాగితం మీద లెక్క ఒకటి, ఫ్యాక్టరీలో లెక్క ఒకటి. మా పెదనాయన కొడుకు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు. దూరవిద్యలో రసాయనశాస్త్రం ఎం.యస్సీ. చదువుతున్నాడు. ఇగ్నో పరీక్షలు జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. జూన్ అంటే మన జిల్లాల్లో తోతాపురి కాయ ఫ్యాక్టరీకి వచ్చే కాలం. "జూన్‌లో పరీక్షంటే నేనెట్ల పోయేది రా? పొద్దన్నే ట్రాక్టర్లు గేటు బయట రోడ్డు పొడుగునా నిలబడుంటాయి. ఒక్క దినం ల్యాబు మూస్తే రైతు కాయ ఎండలో మాగిపోతాది" అంటాడు. అందుకని థియరీ అంతా డిసెంబరుకే పెట్టుకొంటున్నాడు.

అయినా ఆ ల్యాబే అన్నకు సగం చదువు చెబుతోందని నా అభిప్రాయం. గుజ్జులో పులుపు ఎంత ఉందో చూడటానికి 10 గ్రాముల గుజ్జును నీళ్లలో కలిపి 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్ చేస్తారు. 8 మి.లీ. పడితే, సిట్రిక్ ఆమ్లం తుల్యభారం 64 కనుక, 8 × 0.1 × 0.064 × 100 ÷ 10 = 0.512 శాతం ఆమ్లత. ఇంతవరకూ మన బి.యస్సీ. లెక్కే. కాని పసుపుపచ్చ గుజ్జులో ఫినాఫ్తలీన్ గులాబీరంగు సరిగా కనబడదు. అందుకని పి.హెచ్. మీటరు పెట్టి 8.1 దగ్గర ఆపుతారు. 8.1 అంకె ఎందుకు? సిట్రిక్ ఆమ్లంలో మూడో ప్రోటాన్ పి.కె.ఎ. 6.4. అంటే 8.1 దగ్గర తేడా 1.7; ఆ ప్రోటాన్ ఇంకా వదలని అణువులు ఏబైకి ఒకటి మాత్రమే మిగులుతాయి. ఈ సంగతి అన్నకు ఎం.యస్సీ. పాఠంలో దొరికింది. అంతకు ముందు రెండు సీజన్లు ఆయన 8.1 దగ్గర ఊరికే ఆపుతూ వచ్చాడు, ఎందుకని అడిగేవాడు లేడు.

చేరేముందు ఒక జాగ్రత్త. దూరవిద్య కోర్సుకు యు.జి.సి. దూరవిద్యా విభాగం అనుమతి ఉండాలి. విశ్వవిద్యాలయానికి పేరుంటే చాలదు. ఆ కోర్సుకు, ఆ విద్యాసంవత్సరానికి జాబితాలో పేరు ఉండాలి. 2020 నిబంధనల ప్రకారం ఇంజనీరింగు, వైద్యం, వ్యవసాయం వంటివి దూరవిద్యలో ఇవ్వకూడదు. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా ఇచ్చిన ఇంజనీరింగు డిగ్రీలు 2017 నవంబరులో సుప్రీంకోర్టులో చిక్కుబడి ఎంతమంది ఉద్యోగులు అవస్థపడ్డారో పత్రికలు చదివేవారికి తెలుసు. అనుమతి ఉన్న డిగ్రీ మాత్రం రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యు.జి.సి. 2022 సెప్టెంబరులో మళ్లీ స్పష్టంగా ప్రకటించింది.

ఉద్యోగంలో చేరే రోజునే అడగవలసినది ఇంకొకటుంది: ప్రయోగాలకు వరుస సెలవు. జీతం గురించి అడిగినంత ధైర్యంగా మనవాళ్లు దీన్ని అడగరు. సెలవు కుదరక ప్రయోగాలు ఒక ఏడు వాయిదా పడితే థియరీ అంతా పాసైనా డిగ్రీ చేతికి రాదు. మా అన్న ఈసారి కాయ అయిపోయినాక, ఆగస్టు ఆఖరులో సెలవు కావాలని రాసి ఇచ్చాడు. మేనేజరు నోటితో సరేనన్నాడట. సంతకం ఇంకా పడలేదు.