షాట్‌గన్ చోక్ ట్యూబు: ఒక్క మిల్లీమీటరుతో ఎంత తేడా!

2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో హైదరాబాద్ షూటర్ కైనాన్ చెనాయ్ ట్రాప్ విభాగంలో కాంస్య పతకం గెలిచారు. ఈ పోటీలో గాల్లో దూసుకుపోయే బిళ్ల వ్యాసం 110 మి.మీ. మాత్రమే. దాన్ని పగలగొట్టేది ఒక్క తూటా కాదు, చిన్న గుళ్ల గుంపు. ఆ గుంపు ఎంత విస్తరించాలో నిర్ణయించేది చోక్.

12 బోర్ బారెల్ లోపలి వ్యాసం సుమారు 18.5 మి.మీ. బారెల్ చివర మరలతో బిగించే చోక్ ట్యూబు ఆ దారిని కాస్త ఇరుకు చేస్తుంది. సిలిండర్ రకంలో ఇరుకు ఉండదు. ఇంప్రూవ్డ్ సిలిండర్‌లో సుమారు 0.25, మాడిఫైడ్‌లో 0.5, ఫుల్‌లో దాదాపు 1 మి.మీ. ఉంటుంది. 36.5 మీటర్ల దూరంలో 76 సెం.మీ. వృత్తంలో సిలిండర్‌తో సుమారు 40 శాతం గుళ్లు పడితే, ఫుల్‌తో 70 శాతం పడతాయి.

24 గ్రాముల తూటాలో 2.4 మి.మీ. సీసపు గుళ్లు దాదాపు 300 ఉంటాయి. ఆ దూరంలో పక్కకు తిరిగిన బిళ్ల 11 సెం.మీ. పొడవు, 2.5 సెం.మీ. మందంతో కనిపిస్తుంది. లెక్క వేస్తే సిలిండర్‌తో దానికి సగటున ఒక్క గుండు కూడా తగలదు. ఫుల్‌తో ఒకటికి మించి తగులుతుంది. అందుకే దూరపు ట్రాప్‌కు ఇరుకు చోక్ వాడతారు. స్కీట్‌లో బిళ్ల సాధారణంగా 20 మీటర్లలోపే ఉంటుంది. అక్కడ గుంపు బాగా విస్తరించాలి కనుక వెడల్పు చోక్ నయం.

తుపాకీని బట్టి, తూటాను బట్టి ఫలితం మారుతుంది. కాబట్టి పెద్ద కాగితంపై అదే దూరం నుంచి కొన్నిసార్లు కాల్చి, గుళ్ల రంధ్రాలు లెక్కించి చూడాలి. ఉక్కు గుళ్లు సీసంలా నలగవు. వాటికి అనువైనదని తయారీదారు గుర్తు వేసిన చోక్‌నే వాడాలి.

సంరక్షణ ఇలా

• ముందుగా తుపాకీ ఖాళీగా ఉందని నిర్ధారించుకోవాలి.
• ట్యూబు విప్పి, లోపల అంటుకున్న సీసం, ప్లాస్టిక్ మడ్డిని ద్రావకంతో, ఇత్తడి బ్రష్‌తో తొలగించాలి.
• మరలు తుడిచి, పలుచగా గ్రీజు రాయాలి. లేదంటే తుప్పు పట్టి ట్యూబు ఇరుక్కుపోతుంది.
• మరల కొలతలు కంపెనీని బట్టి మారతాయి. సరిపోని ట్యూబును బలవంతంగా బిగించకూడదు.
• కాల్పుల మధ్య తుపాకీ ఖాళీ చేసి బిగువు చూసుకోవాలి. ట్యూబు వదులైనా, అసలు లేకున్నా కాలిస్తే బారెల్ మూతి దెబ్బతినవచ్చు.

మన దేశంలో షాట్‌గన్‌కు 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. సాధన కూడా అనుమతి ఉన్న రేంజిలోనే చేయాలి.