పాఠం 11: కాపరి ఆదరణ, కౌన్సెలింగ్

ఈ పాఠం చదివిన తరువాత, కష్టంలో ఉన్న మనిషికి సంఘ కాపరి చేసే సహాయానికీ, శిక్షణ పొందిన కౌన్సెలర్ చేసే సహాయానికీ తేడా మీరు చెప్పగలుగుతారు. ఎప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలో నిర్ణయించుకోగలుగుతారు.

11.1 ఒక ఇంటి సంగతి

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తెలంగాణ నుంచి సూరత్ వెళ్ళి, ఆల్థాన్‌లో అద్దెకుంటున్నారు. భర్త పాండేసరాలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. సిరిసిల్లలో సాంచాలంటారే, అవే. పన్నెండు గంటల షిఫ్టు. మూడు వారాలుగా అతనికి నిద్ర లేదు. కంచం ముందు కూర్చుని తినకుండానే లేస్తున్నాడు. ఆదివారం ఆరాధనకు రావడం మానేశాడు. ఒక రాత్రి భార్యతో, "నేను లేకుంటేనే మీకు నయం" అన్నాడు. తెల్లవారగానే ఆమె పాస్టరు ఇంటికి పరుగెత్తింది. "అయ్యగారూ, ఒక్కసారి వచ్చి ప్రార్థన చెయ్యండి."

ఆమె ఆసుపత్రికి కాక అక్కడికే ఎందుకు వెళ్ళింది? విశ్వాసం ఒక కారణం. భాష మరొకటి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేటంతగా అక్కడ తెలుగువారున్నారు. అయినా ఆసుపత్రిలో గుజరాతీ, హిందీ మాట్లాడాలి. కూరగాయలు బేరమాడే హిందీతో మనసులోని దిగులు చెప్పుకోలేం.

11.2 కాపరి పని

పాస్టర్ అనే లాటిన్ మాటకు అర్థం గొర్రెల కాపరి. కాపరి మందతోపాటే తిరుగుతాడు. పెళ్ళి జరిపించిన మనిషే సమాధి దగ్గరా నిలబడతాడు. ఫీజు ఉండదు. పిలవకపోయినా వచ్చి తలుపు తట్టవచ్చు. ఈ చనువు ఏ కౌన్సెలర్‌కూ ఉండదు. "దేవుడు నన్ను విడిచిపెట్టాడా?", "నా తప్పుకు క్షమాపణ ఉందా?" అనే ప్రశ్నలతో మనిషి కాపరి దగ్గరికే వెళతాడు.

ఈ దగ్గరితనంలోనే చిక్కు కూడా ఉంది. భర్తకూ, భార్యకూ, వారికి అప్పిచ్చిన సంఘ పెద్దకూ ఆయన ఒక్కడే కాపరి. రేపు ఆదివారం అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. అటువంటి చోట కొన్ని మాటలు నోటికి రావు.

11.3 కౌన్సెలర్ పని

కౌన్సెలర్ బయటి మనిషి. ఆ దూరమే ఆయన బలం. సమయం ముందే నిర్ణయిస్తారు, సాధారణంగా ముప్పావు గంట నుంచి గంట వరకు. మీ ఇంటి శుభకార్యాలకు రారు. మీ విశ్వాసాన్ని పెంచడం, తగ్గించడం వారి పని కాదు. మందులు రాసేది మాత్రం మానసిక వైద్యుడు, అంటే ఆ విభాగంలో చదువుకున్న డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టుకు 1992 నాటి చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు ఉండాలి. గుమ్మం మీది బోర్డు చూసి నమ్మకండి. అర్హత అడగండి. అడిగితే తప్పేమీ లేదు.

ఈ రెండు పనులకూ పాత చుట్టరికం ఉంది. అమెరికాలో ఆంటన్ బోయిసెన్ అనే పాదిరి 1920లో స్వయంగా మానసిక రోగిగా ఆసుపత్రిలో ఉన్నారు. 1925లో వూస్టర్ మానసిక వైద్యశాలలో వేదాంత విద్యార్థులకు రోగుల మధ్యనే శిక్షణ మొదలుపెట్టారు. కౌన్సెలింగ్‌లో పెద్ద పేరైన కార్ల్ రోజర్స్ కూడా మొదట వేదాంత విద్యార్థే.

11.4 రహస్యం

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని వైద్య నిపుణులను ఆదేశిస్తుంది. పాస్టరును కట్టిపడేసేది ఆ చట్టం కాదు, ఆయన సంఘ నియమం, మనస్సాక్షి. అందుకే "ఫలానా సోదరుడి కోసం ప్రార్థించండి" అంటూ సంగతంతా సభలో చెప్పడం ఎంత ప్రేమతో చేసినా తప్పే. పిల్లలపై లైంగిక అత్యాచారం సంగతి వేరు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి.

11.5 మళ్ళీ ఆ ఇంటికి

పాస్టరు వచ్చారనుకుందాం. ప్రార్థన చేయవచ్చు, చేయాలి. తరువాత సూటిగా అడగాలి: "చనిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా పుట్టదు. ఔనంటే అతన్ని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో పురుగుమందు, ఎక్కువ మాత్రలు ఉంటే తీసివేయాలి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయాలి. పగలూ రాత్రీ పలుకుతుంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అదే రోజు మజూరా గేటు దగ్గరి న్యూ సివిల్ ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అక్కడ మానసిక వైద్య విభాగం ఉంది.

అక్కడ దుబాసీగా పాస్టరే లోపల కూర్చోవాలా? ముందు రోగిని అడగాలి. భార్య ముందు చెప్పలేనిదీ, అయ్యగారి ముందు చెప్పలేనిదీ ఉండవచ్చు.

మందులు మొదలయ్యాక ఎవరో ఒకరు "ప్రార్థన చేశాం కదా, మాత్రలెందుకు?" అంటారు. లూకా వైద్యుడని కొలొస్సయులకు రాసిన పత్రికే చెబుతోంది. డాక్టరు చెప్పకుండా మాత్రలు ఆపకూడదు. ఇక్కడ కాపరి పని ముగియలేదు. వారం వారం ఆ ఇంటి తలుపు తట్టేది ఆయనే.

పాఠంలోని ప్రశ్నలు

1. పిలవకుండా ఇంటికి రాగల చనువు ఎవరికుంది? దానివల్ల మేలేమిటి, ఇబ్బందేమిటి?
2. సంఘంలో ఒకరి కష్టం కోసం ప్రార్థించమని అడగాలి. వివరాలు బయటపడకుండా ఆ మాటను మీరెలా చెబుతారు? రెండు వాక్యాలలో రాయండి.