'టెక్స్చర్' అను పదము – అర్థము, ప్రయోగములు



ఆంగ్లపాఠములలోను, విజ్ఞానశాస్త్ర గ్రంథములలోను 'టెక్స్చర్' అను పదము తరచుగా కనబడుచుండును. వస్త్రమునకు టెక్స్చర్ కలదందురు. నేలకు, రాతికి, వంటకమునకు కలదందురు. తుదకు కవిత్వమునకు గూడ కలదందురు. నిఘంటువు తెరచినచో నేత, అల్లిక, కూర్పు, పొందిక మొదలగు అర్థములు వరుసగా నుండును. వీనిలో నేది యెచట తగును? ఒకదానినే పట్టుకొని అన్నిచోట్లను వాడినచో వాక్యము చెడును. "ఈ నేల నేత మంచిది" అని వ్రాసిన విద్యార్థి నిఘంటువును అనుసరించినవాడే. కాని చదువరికి భావము తెలియదు. కావున ఈ పదము పుట్టిన చోటికి బోయి, అచటినుండి దాని ప్రయాణమును గమనింతము.

పదము యొక్క పుట్టుక

లాటిను భాషలో 'తెక్సెరె' అనగా నేయుట. దానినుండి 'తెక్స్తూరా', అనగా నేత, అను మాట కలిగినది. అదియే ఆంగ్లమున 'టెక్స్చర్' అయ్యెను. వస్త్రమును దెలుపు 'టెక్స్టైల్', గ్రంథపాఠమును దెలుపు 'టెక్స్ట్', సందర్భమును దెలుపు 'కాంటెక్స్ట్' అను పదములు కూడ ఆ ధాతువునుండి వచ్చినవే. శరీరములోని కణజాలమును దెలుపు 'టిష్యూ' అను మాట ఫ్రెంచి భాష మీదుగా ఆ మగ్గమునుండియే వచ్చినది. సంస్కృతమున వడ్రంగిని దెలుపు 'తక్షకుడు' అను శబ్దమును దీనికి దూరపు చుట్టమని భాషాశాస్త్రజ్ఞులు నిరూపించిరి.

మాటల కూర్పును దారముతో పోల్చుట మన దేశమునను కలదు. 'సూత్రము' అనగా దారము. 'గ్రంథము' అను మాటకు మూలార్థము ముడివేసి కట్టినదని. 'ప్రబంధము' అనగా గట్టిగా కట్టబడినది. కావున పడమటివారు గ్రంథమును నేసిరి, మనవారు కట్టిరి.

వస్త్రమున

మగ్గముపై నిలువుగా సాగదీసిన పోగులు పడుగు. నాడెతో అడ్డముగా నడపు పోగులు పేక. ఈ రెంటి కలయికయే వస్త్రము. దాని స్పర్శ పెక్కు విషయములపై ఆధారపడును. మొదటిది నూలు సన్నదనము. ఒక పౌను బరువు నూలులో 840 గజముల చిలపలు ఎన్ని యుండునో, ఆ నూలు అంత నంబరుదగును. 20 నంబరు నూలు ఒక పౌనునకు 16,800 గజములు సాగును. 100 నంబరుది 84,000 గజములు సాగును. రెండవది పోగునకు ఇచ్చిన పురి. మూడవది అంగుళమునకు ఎన్ని పోగులు పన్నెలో నిలిచినవను లెక్క. నాలుగవది నేత పద్ధతి.

టెర్రీ తువాలును చూడుడు. దానికి రెండు పడుగు లుండును. ఒకటి బిగువుగా నిలిచి వస్త్రమును పట్టియుంచును. రెండవది వదులుగా నడచి, పైన చిన్నచిన్న ఉచ్చులుగా లేచును. ఆ ఉచ్చులే నీటిని పీల్చును. అదే నూలుతో సాదానేతను నేసినచో పలుచని గుడ్డ యగును. నూలు మారలేదు, కూర్పు మారినది, దానితో స్పర్శయు, పనియు మారినవి.

ఈ యుదాహరణములోనే పదమునకు మూలసూత్రము కలదు. టెక్స్చర్ అనగా పదార్థము కాదు. పదార్థములోని అంశములు ఎంతటివి, అవి ఒకదానితో నొకటి ఎట్లు పొందియున్నవి, ఆ పొందిక మన యింద్రియమునకు ఎట్లు తెలియుచున్నది అనునదియే టెక్స్చర్.

నేలయందు

వ్యవసాయశాస్త్రమున ఈ పదము నేలలోని రేణువుల పాళ్లను దెలుపును. 0.002 మిల్లీమీటరు కంటె చిన్న రేణువులు బంకమన్ను. అంతకు పెద్దవి ఒండ్రు. ఇంకను పెద్దవై 2 మిల్లీమీటర్ల వరకు నున్నవి ఇసుక. తడిపిన మన్నును బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నలిపినచో ఇసుక గరగరలాడును, ఒండ్రు పిండివలె మెత్తగా జారును, బంకమన్ను అంటుకొని పట్టీవలె సాగును. ఇసుక హెచ్చైన నేలలో నీరు త్వరగా ఇంకిపోవును. బంకమన్ను హెచ్చైన నల్లరేగడి నీటిని చాలకాలము నిలుపుకొనును, వేసవిలో నెఱ్ఱెలు విచ్చును.

'స్ట్రక్చర్' అను వేఱొక పదముతో దీనిని కలిపివేయరాదు. రేణువులు గడ్డలుగా, గుల్లగా కట్టుకొనిన తీరు స్ట్రక్చర్. అది దున్నకముచేతను, పశువుల ఎరువుచేతను మారును. కాని ఇసుక, ఒండ్రు, బంకమన్నుల పాళ్లు నాగలికి లొంగవు. ఇచట 'రేణుకూర్పు' అని వ్రాసినచో అర్థము స్పష్టమగును.

రాతియందు

దక్కను పీఠభూమిలో విస్తారముగా నున్న నల్లరాయి బసాల్టు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట భూగర్భమునుండి వెలువడిన లావా నేలమీద త్వరగా చల్లారి ఈ రాయి యయ్యెను. త్వరగా చల్లారుటచే స్ఫటికములు పెరుగుటకు వ్యవధి లేకపోయెను. అవి కంటికి కనబడనంత చిన్నవి. అట్టి ద్రవమే భూమి లోపల మెల్లమెల్లగా చల్లారినచో, పెద్ద స్ఫటికములు గల 'గాబ్రో' అను రాయి యగును. రెండింటి రసాయన ద్రవ్యము దాదాపు ఒక్కటియే. స్ఫటికముల కూర్పు వేఱు. రాయి చల్లారిన వేగమును ఆ కూర్పే మనకు చెప్పుచున్నది.

వంటయందు, కవిత్వమునందు

బెల్లమును నీటితో కాచినపుడు మొదట తీగపాకము వచ్చును. ఇంకను కాచినచో ఉండపాకము వచ్చును. మరికొంత ముదిరినచో పెళుసుబారును. వస్తువు బెల్లమే, నీరు తగ్గినకొలది పట్టు మారినది. వంటింటిలో టెక్స్చర్ అనుదానికి మనవారు ఏనాడో 'పాకము' అని, 'పదును' అని పేరు పెట్టుకొనిరి.

ఆ పాకము అను మాటనే ఆలంకారికులు కవిత్వమునకు తెచ్చిరి. వెంటనే రసమిచ్చునది ద్రాక్షాపాకము. తొక్క యొలిచిన పిదప రుచించునది కదళీపాకము. పెంకు పగులగొట్టిన గాని దక్కనిది నారికేళపాకము. ఓరుగల్లు ప్రతాపరుద్రుని యాస్థానమున నుండిన విద్యానాథుడు తన 'ప్రతాపరుద్రీయము'లో 'శయ్య' అను గుణమును చెప్పుచు, దానిని పదముల పరస్పర మైత్రిగా నిరూపించెను. ఒక పదమును తొలగించి మరియొకటి పెట్టినచో చెడునంత పొందిక శయ్య. ఇక అల్లసాని పెద్దన కవిత్వమును గూర్చి ప్రసంగించువారు 'అల్లిక', 'జిగి', 'బిగి' అను మాటలనే వాడుట మీ రెరుగుదురు. ఇవి మగ్గమునకు కూడ తగిన మాటలే.

అనువదించు విధము

ఈ పదము ఆసులోని కండెవలె శాస్త్రమునుండి శాస్త్రమునకు తిరుగుచున్నను, దానిని పట్టుటకు మూడు ప్రశ్నలు చాలును. కూర్పబడిన అంశము లేవి? అవి యెట్లు పొందియున్నవి? ఏ యింద్రియము దానిని గ్రహించుచున్నది? వీనికి సమాధానము దొరకినచో తెలుగుమాట తానై వచ్చును: గుడ్డకు నేత, నేలకు రేణుకూర్పు, రాతికి స్ఫటికముల కూర్పు, వంటకు పాకము, పద్యమునకు శయ్య.

"తెలుగులో శాస్త్రము చెప్పుటకు మాటలు లేవు" అని కొంద రందురు. ఒక ఆంగ్లపదమునకు ఒక్క తెలుగుపదము దొరకనపుడు మాట లేదనుకొందురు. అయిదు మాట లున్నవని గమనింపరు. షోలాపురము వంటి పట్టణములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు నేతకుటుంబములు పడుగు, పేక, నాడె, కండె, పన్నె, ఆసు అను మాటలను తమతో గొనివచ్చినవి. మరమగ్గములు వ్యాపించి చేతిమగ్గములు తగ్గినకొలది ఆ మాటలు పెద్దల నోట మాత్రమే నిలుచుచున్నవి. లాటినువారి నేతమాట శాస్త్రగ్రంథముల కెక్కినది. మన నేతమాటలు మన నోటుపుస్తకముల కైనను ఎక్కవలదా?

అభ్యాసము

1. మీ యింటనో పొరుగుననో నేతపని యెరిగిన పెద్దలను అడిగి, మగ్గపు భాగముల పేర్లు పది వ్రాసి తెండు.
2. రెండు చోట్ల మన్నును తడిపి వ్రేళ్లతో పరీక్షించి, భేదమును మీ మాటలలో వర్ణింపుడు.
3. 'పడుగుపేకలవలె' అను పలుకుబడిని ఒక సొంతవాక్యమున ప్రయోగింపుడు.